400 కిలోల లోపు రేస్ కారు: పోర్షే 909లో బరువు ఎక్కడ తగ్గించారు?

మెక్_కుర్రాడు:
అందరికీ నమస్తే. 1968 నాటి పోర్షే 909 బెర్గ్‌స్పైడర్ గురించి చదువుతున్నాను. 8 సిలిండర్ల 2 లీటర్ల ఇంజిన్, దాదాపు 275 హార్స్‌పవర్, అయినా కారు బరువు 400 కిలోల లోపే. కిందటేడు మేం కాలేజీలో చేసిన రేసు కారు ఫ్రేముకి పలచటి పైపులు వాడితే రెండో రోజే సస్పెన్షన్ బ్రాకెట్ దగ్గర, వెల్డింగ్ పక్కనే వెంట్రుకంత పగులు వచ్చింది. వీళ్లకి ఎలా కుదిరింది?

పాతకార్లు:
తమ్ముడూ, అది కొండ ఎక్కే రేసుల కోసం చేసిన కారు. కొద్ది నిమిషాల పరుగు, కాబట్టి పెట్రోలు కొంచెం చాలు. ట్యాంకు టైటానియం గోళం, లోపల రబ్బరు సంచి, గ్యాస్ ప్రెషరే పెట్రోలుని ఇంజిన్‌కి తోస్తుంది, అంటే పంపు బరువు కూడా మిగిలినట్టే. బ్రేకు డిస్కులు బెరీలియంవి. ఉక్కులో నాలుగో వంతు బరువే, వేడిని మాత్రం బాగా తట్టుకుంటుంది.

మెక్_కుర్రాడు:
మరి బెరీలియం ఇప్పుడెందుకు వాడరు అన్నా?

పాతకార్లు:
ఖరీదు ఒకటి, పైగా దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. మీరు దాని జోలికి పోవద్దు.

ఘాట్‌రోడ్డు:
మీరిద్దరూ గేర్‌బాక్స్ సంగతి వదిలేశారు, నాకు ఈ కారులో అన్నిటికన్నా నచ్చేది అదే. అంతకుముందు వాళ్ల కార్లలో గేర్‌బాక్స్ వెనక ఇరుసు దాటి వేలాడేది. 909లో దాన్ని ఇంజిన్‌కీ ఇరుసుకీ మధ్యకి తెచ్చారు, దాంతో ఇంజిన్, డ్రైవరు అందరూ ముందుకి జరిగారు, డ్రైవరు పాదాలైతే ముందు ఇరుసు కూడా దాటిపోయాయి (ఇది మాత్రం నాకు భయంగానే ఉంటుంది). నిండు బిందెని చంకన పెట్టుకుని గిర్రున తిరగొచ్చు, చేతులు చాచి పట్టుకుంటే తిరగలేం కదా, మలుపుల్లో కారూ అంతే. 909 రెండే రేసుల్లో పరిగెత్తింది, ఒక్కటీ గెలవలేదు. కానీ అదే అమరికతో చేసిన పోర్షే 908/03ని 1970లో సిసిలీలో టార్గా ఫ్లోరియో రేసుకి తీసుకెళ్లారు. 72 కిలోమీటర్ల కొండదారి, 11 ల్యాపులు. పోర్షేదే ఎంతో బలమైన 917 కారు చేతిలో ఉన్నా ఆ మలుపులకి దీన్నే నమ్ముకున్నారు, డ్రైవర్లు సిఫర్ట్, రెడ్‌మన్ జోడీ గెలిచింది.

నీ పగులు విషయానికొస్తే, 917లో ఫ్రేము అల్యూమినియం పైపుల్లో గ్యాస్ నింపి ప్రెషర్ గేజ్ పెట్టారు, ముల్లు పడిపోతే ఎక్కడో పగిలినట్టే. సస్పెన్షన్ తగిలే చోట పైపు మందం తగ్గించకు. బరువులు మధ్యలో ఉండాలన్నాను కదా, బ్యాటరీ ఎక్కడుంది మీ కారులో?

మెక్_కుర్రాడు:
వెనక ఇరుసు అవతల, అన్నా. రేపే బ్యాటరీని సీటు వెనకాలకి మార్చి నాలుగు చక్రాల కిందా బరువు తూచి పెడతాను.