చలికాలం తర్వాత రైడింగ్ మోవర్ స్టార్ట్ కావడం లేదు, సలహా చెప్పగలరు

అందరికీ నమస్కారమండి. ఈ దేశం వచ్చాక మాకిదే మొదటి చలికాలం. ఇల్లు అమ్మినవాళ్లు తమ రైడింగ్ మోవర్ (మీద కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం) మాకే వదిలేశారు. మంచు పడ్డన్నాళ్లూ షెడ్డులోనే ఉంది. ఇప్పుడు తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. కార్బ్యురేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం, పోయిందని పక్కింటాయన అంటున్నారు. కొత్తది కొనాలా?

—

అప్పుడే కొనకండి. ఇంజన్ జోరుగా తిరుగుతోందంటే బ్యాటరీకీ స్టార్టర్‌కీ ఢోకా లేనట్టే. నా అనుమానం ట్యాంకులోని పాత పెట్రోలు మీద. నెలలు గడిచేకొద్దీ అందులో తేలిగ్గా మండే భాగం ఆవిరైపోతుంది, మిగిలింది జిగురులా మారి కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే తేమ కూడా పీల్చుకుంటుంది. అదంతా తీసేసి తాజాది పోయండి.

అంతకంటే ముందు ఆయిల్ చూడండి. ఆయిల్ కొలిచే పుల్ల మీది పై గీత దాటి ఉండి పెట్రోలు వాసన కొడితే ఇక తాళం ముట్టుకోవద్దు. కార్బ్యురేటర్‌లో సూది సరిగా మూసుకోక పెట్రోలు ఇంజన్ అడుక్కి దిగిందన్నమాట. ఆ లీకు సరిచేసి, ఆయిల్ మార్చాకే మిగతా పని.

ఆయిల్ బాగుంటే, చోక్ వేసి కాసేపు తిప్పి, స్పార్క్ ప్లగ్ విప్పండి. అసలు సంగతి అదే చెబుతుంది. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పురవ్వ రావడం లేదేమో చూడాలి. ప్లగ్‌ను ఇంజన్‌కు ఆనించి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. స్పార్క్ టెస్టర్ వాడండి. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ఫిల్టర్, పైపు చూడండి. చాలా మోడళ్లలో కార్బ్యురేటర్ గిన్నె కింద చిన్న సోలెనాయిడ్ ఉంటుంది, కరెంటు అందగానే పెట్రోలు దారి తెరిచేది అదే. తాళం ఆన్‌లో పెట్టగానే అది టక్‌మనాలి.

—

తమ్ముడూ, ఇంకో మాట. స్టార్టర్‌ను ఏకబిగిన తిప్పకు, వేడెక్కి కాలిపోతుంది. నాలుగైదు సెకన్లు తిప్పి, కాసేపు ఆగు. ఇంజన్ నీరసంగా తిరగడం మొదలైతే బ్యాటరీ కొలిచి చూడు. పూర్తి చార్జింగ్‌లో 12.6 వోల్టులు చూపించాలి.

—

ప్లగ్ పొడిగానే ఉందండి. ఆయిల్ సరిగ్గా ఉంది. సోలెనాయిడ్ టక్‌మనడం లేదు, దాని వైరు మీద పైతొడుగు కొరికేసినట్టుంది.

—

ఎలుకల పనే! మరి కార్బ్యురేటర్ తప్పేముంది పాపం. బ్యాటరీ మైనస్ వైరు తీసేసి, ఆ ముక్క కత్తిరించి కొత్త వైరు అతికించండి. స్టార్ట్ అయిపోయిందని వెంటనే గడ్డి మీదకు తోలకండి. ఇంజన్ పైన ఫ్యాన్ కవరు విప్పి లోపల గూడు ఉందేమో చూడండి. చల్లబరిచే గాలి ఆ దారినే వెళ్లాలి, అది మూసుకుపోతే ఇంజన్ మాడిపోతుంది. చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు మర్చిపోవద్దు.