యూపీవీసీ కిటికీకి రోలర్ బ్లైండ్ బ్రాకెట్ నిలవడం లేదు, ఎక్కడ బిగించాలి?

మా పడకగదిలో పడమటి వైపున్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ కిటికీకి, అయిదడుగుల వెడల్పు గల రోలర్ బ్లైండును (గొలుసు లాగితే గొట్టానికి చుట్టుకునే గుడ్డ తెరను) ఫ్రేముకే బిగించాలని పదిహేను రోజులుగా ప్రయత్నిస్తున్నాను. గొట్టం వ్యాసం 38 మిల్లీమీటర్లు. గుడ్డ, కింది పట్టీతో కలిపి బరువు సుమారు 3 కిలోలు.

మొదట బ్రాకెట్లను రెండువైపులా అంటుకునే టేపుతో అతికించాను. మూడో రోజు మధ్యాహ్నం ఎండకు జిగురు మెత్తబడి, గొలుసు వైపు బ్రాకెట్ ఊడి, బ్లైండు మంచం మీద పడింది. తరువాత ఫ్రేము పైపట్టీకి 19 మిల్లీమీటర్ల సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు బిగించాను. అవి సులువుగానే దిగాయి గానీ, గొలుసును నాలుగైదు సార్లు లాగేసరికి పట్టు వదిలేశాయి. ఇప్పుడు ఎంత తిప్పినా ఊరికే తిరుగుతున్నాయి, రంధ్రం అంచు నుంచి తెల్లటి పొడి రాలుతోంది. ఫ్రేము లోపల ఉండవలసిన ఇనుప పట్టీ ఆ చోట స్క్రూకు తగిలినట్టు లేదు. ఎడమవైపు బ్రాకెట్ మాత్రం కదలలేదు. లాగుడంతా గొలుసు వైపే పడుతుంది కదా.

చివరికి కిటికీ పైనున్న కాంక్రీటు దూలానికి, అంటే లింటెల్‌కు మామూలు డ్రిల్లుతో 6 మిల్లీమీటర్ల బిట్టు వేశాను. 20 మిల్లీమీటర్ల వరకు ప్లాస్టరే రాలింది, ఆపై కాంక్రీటులోకి బిట్టు సాగలేదు, నైలాన్ ప్లగ్గు సగమే దిగింది. ఫ్రేముకు రంధ్రం చేస్తే వారంటీ పోతుందన్నారు గానీ, ఆ గడువు నిరుడే ముగిసింది.

గొలుసు వైపు బ్రాకెట్‌ను ఫ్రేములోని ఇనుప పట్టీకి అందేలా పొడవాటి స్క్రూలతో కొత్త చోట బిగించడం మేలా, లేక హామర్ డ్రిల్లు తెచ్చి లింటెల్‌లో లోతుగా ప్లగ్గు వేయడం మేలా?