రోడ్డు పక్క ఇల్లు, డిమెన్షియా భయం

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రధాన రహదారిని ఆనుకుని ఉన్న సొంత ఇంట్లో మా అమ్మగారు, నాన్నగారు చాలా ఏళ్లుగా ఉంటున్నారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. వాహనాల పొగ వల్ల డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పు పెరుగుతుందని చదివి, వారిని నగర శివారులోని అపార్ట్‌మెంటుకు మార్చాలని అన్నయ్య పట్టుబడుతున్నాడు. ఇది సరైన ఆలోచనేనా?

మొదటి సమాధానం: మీ అన్నయ్యగారి భయం నిరాధారమైనది కాదు. కెనడాలోని ఆంటారియోలో 55 నుంచి 85 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 22 లక్షల మంది వివరాలను పరిశీలించి 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద రోడ్డుకు 50 మీటర్లలోపు నివసించేవారికి, 300 మీటర్లకు ఆవల ఉన్నవారితో పోలిస్తే, ముప్పు దాదాపు 7 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే వందలో ఏడుగురికి అదనంగా వస్తుందని దీని అర్థం కాదు. పదిమందికి వచ్చేచోట ఆ సంఖ్య పదకొండుకు కూడా చేరదు. పైగా ఇది సంబంధాన్ని చూపిందే గాని, కారణాన్ని నిరూపించలేదు.

రెండవ సమాధానం: లాన్సెట్ పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం (లాన్సెట్ కమిషన్) 2024లో పేర్కొన్న 14 డిమెన్షియా ముప్పు కారకాలలో వాయు కాలుష్యంతో పాటు ఒంటరితనం, చికిత్స చేయించని వినికిడి లోపం, వ్యాయామం లేకపోవడం కూడా ఉన్నాయి. ఇరుగుపొరుగు, గుడి, రైతుబజారు నడక దూరంలో ఉన్న పెద్దవారిని ఎవరూ తెలియని పదో అంతస్తుకు చేర్చితే, ఒక ముప్పును తగ్గించి మరొకదాన్ని కొని తెచ్చుకున్నట్లే అవుతుందని నా అభిప్రాయం. అసలు వారిని అడిగారా?

మూడవ సమాధానం: ముందుగా పడకగదిని రోడ్డు వైపు నుంచి వెనుకకు మార్చండి, రద్దీ వేళల్లో ఆ వైపు కిటికీలు మూసి ఉంచండి. వారిలో ఇప్పటికే మతిమరుపు కనిపిస్తుంటే మాత్రం, కొత్త ఇల్లు తికమకను పెంచవచ్చు కనుక, నిర్ణయానికి ముందే న్యూరాలజిస్టును సంప్రదించండి.