మామూలు పాఠకుడికి మన గ్రంథాలయాల్లో చోటుందా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత విజయనగరంలో స్థిరపడ్డాను. ఉత్తరాంధ్ర రచయితల పాత కథలను వరుసగా చదవాలన్న కోరిక ఉద్యోగం చేసినన్నాళ్లూ తీరలేదు. ఇప్పుడు తీరిక చిక్కింది కదా అని మా పేటకు దగ్గరలో ఉన్న గ్రంథాలయానికి వెళ్తే కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు. గ్రూప్-2కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదివే పిల్లలు తలుపు తీయగానే వచ్చి బల్లలన్నీ నింపేశారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చదువుకుంటున్నారే తప్ప బీరువాల వైపు చూసినవారు ఒక్కరూ లేరు. నేను నిలబడే ఒక కథల సంపుటి తీసి చూశాను. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ మీద చివరి ముద్ర చాలా ఏళ్ల కిందటిది, ఆ కింద గడులన్నీ ఖాళీ.

పిల్లలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి చోట ధరావతు కట్టి సభ్యత్వం తీసుకుంటే ప్రయోజనం ఉంటుందా, లేక నేరుగా శ్రీకాకుళంలో తెలుగు కథలను సేకరించి పెట్టిన కథానిలయానికి వెళ్లడమే మేలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (శ్రీకాకుళం నుంచి)

మాస్టారూ, రెండూ వేర్వేరు పనులకు ఉన్నవండి. కథానిలయం ఇంటికి పుస్తకాలిచ్చే గ్రంథాలయం కాదు. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు, అంటే మన కారా మాస్టారు, తమకు 1995లో వచ్చిన సాహిత్య అకాడమీ పురస్కారపు సొమ్మును, తమ సొంత పుస్తకాలను పెట్టుబడిగా పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలోని విశాఖ 'ఎ' కాలనీలో దాన్ని ప్రారంభించారు. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. 2021లో కన్నుమూసేదాకా ఆయన ధ్యాస అంతా దాని మీదే. అందువల్ల అక్కడ సంపుటాలతో పాటు, సంపుటాల్లోకి ఎక్కని కథలున్న పాత పత్రికలు కూడా దొరుకుతాయి. నా దృష్టిలో అసలు నిధి ఆ పత్రికలే.

వెళ్లేముందు ఒక పని చేయండి. మీకు కావలసిన రచయితల పేర్లు, వీలైతే కథ మొదట అచ్చయిన పత్రిక, సంవత్సరం ఒక కాగితం మీద రాసుకోండి. కథానిలయం వెబ్‌సైటులో వేల కథలను స్కాన్ చేసి పెట్టారు కనుక ముందు అక్కడ వెతికి, దొరకని వాటి కోసమే ప్రయాణం పెట్టుకోవచ్చు. రైలు కంటే బస్సు నయం, ఎందుకంటే శ్రీకాకుళం రోడ్ స్టేషను ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది.

సమాధానం 2 (చీపురుపల్లి నుంచి)

సార్, ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి మా వైపు మాట కూడా చెప్తాను. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు, అందులో ఒకదానిలో ఎప్పుడూ టీవీ మోగుతూనే ఉంటుంది. ప్రైవేటు స్టడీ హాలుకు నెలనెలా కట్టే స్తోమత లేదు. ఫ్యాను, వెలుతురు, పక్కన చదువుకునే మనిషి, ఈ మూడూ ఉచితంగా దొరికేది గ్రంథాలయంలోనే. ఉదయం పేపరు వచ్చీ రాగానే పుటలుగా విడిపోతుంది. పెద్దవాళ్లు జిల్లా వార్తలు తీసుకుంటే మేము సంపాదకీయాలు తీసుకుని, చదవడం అయ్యాక మార్చుకుంటాం. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో మాకు చాలామంది విశ్రాంత ఉపాధ్యాయులు పరిచయమయ్యారు, వారిలో ఒకరు నాకు లెక్కల్లో సందేహాలు తీరుస్తున్నారు. చోటు లేకపోవడం నిజమే. అందుకే మీరు సభ్యత్వం తీసుకుని పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్లడమే సుఖమని నా అభిప్రాయం. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

సమాధానం 3 (బొబ్బిలి నుంచి)

సభ్యత్వం తప్పక తీసుకోండి. ధరావతు ఎలాగూ తిరిగి ఇస్తారు. అదీకాక 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరుతుంది. అంటే ఆ బీరువాలకు మీరు ఏళ్ల తరబడి చందా కడుతూనే ఉన్నారన్నమాట. ఆ సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేస్తే సగం కష్టాలు తీరుతాయి గాని, అది వేరే చర్చ.

నాకు తెలిసిన ఒక శాఖలో వానాకాలం వస్తే సాహిత్యం బీరువా మీద పట్టా కప్పుతారు, మళ్లీ ఎండలు ముదిరేదాకా దాన్ని ఎవరూ తీయరు. అడిగితే "ఎవరూ అడగరు కదండీ" అన్న జవాబు వచ్చింది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మీరు చూసిన తేదీల చీటీ చెబుతున్నదీ అదే. కాబట్టి చూసి వచ్చేయకుండా పుస్తకాన్ని మీ పేర రాయించుకుని తీసుకెళ్లండి, లేని పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి గ్రంథాలయాధికారికి ఇవ్వండి. నేను అలా రాసిచ్చిన వాటిలో కొన్ని తరువాతి కొనుగోళ్లలో వచ్చాయి, మరికొన్ని ఇప్పటికీ రాలేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారం వెళ్లి సభ్యత్వం తీసుకుంటాను. కథానిలయం కోసం రచయితల జాబితా మొదలుపెట్టాను. పూర్తయ్యాక ఇక్కడే పెడతాను, శ్రీకాకుళం మిత్రులు అందులో మిగిలిపోయిన పేర్లను చేర్చగలరు.