నాన్నగారి పాత స్పీకర్ బాక్సులు: ఉన్న వూఫర్లకే ఫోమ్ వేయించాలా, కొత్తవి బిగించాలా?

తార్నాక శ్రోత:
మా నాన్నగారు 1984లో కొన్న స్పీకర్ బాక్సుల జత పాతికేళ్లుగా అటక మీదే ఉండిపోయింది. ఈ వేసవిలో దించి చూస్తే టేకు వెనీర్ వేసిన ప్లైవుడ్ పెట్టెలు గట్టిగానే ఉన్నాయి గాని, ఎనిమిది అంగుళాల వూఫర్ల (మంద్రస్వరాలు పలికే పెద్ద స్పీకర్ల) చుట్టూ ఉండే ఫోమ్ వేలు తగలగానే నల్లటి జిగురుపొడిలా రాలిపోయింది. పెట్టెలకు గాలి గొట్టం లేదు, అన్ని వైపులా మూసినవే. లోపలి కొలత 46×28×24 సెంటీమీటర్లు. ట్వీటర్‌కు (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కు) వెళ్లే తీగలో ఒక్క 4.7 మైక్రోఫరాడ్ కెపాసిటర్ తప్ప మరేమీ లేదు. నా సందేహాలు మూడు. పాత వూఫర్లకు ఫోమ్ మార్పించాలా, కొత్తవి బిగించాలా? ఆ కెపాసిటర్ మార్చాలా? ఇంటికప్పు కారడం వల్ల ఒక పెట్టె అడుగు అంచున వెనీర్ ఉబ్బి లేచింది, దాన్ని ఎలా సరిచేయాలి?

కోఠి కుర్రాడు:
కొత్తవి బిగించే ముందు నాకు జరిగింది వినండి. గుజరాతీ గల్లీలో ఒక దుకాణదారుడు "సైజు అదే, కళ్లు మూసుకుని బిగించుకోండి" అంటే నమ్మి రెండు వూఫర్లు తెచ్చుకున్నాను. రెండూ ఎనిమిది అంగుళాలవే, కాని పాత దాని ఇనుప చట్రం వేరు, దీని చట్రం వేరు. మరమేకుల రంధ్రాలు కలవలేదు, పెట్టె మీది గుండ్రటి కోత చాలలేదు, ఉలి పట్టుకుని నేనే చెక్కితే అంచంతా పెచ్చులు లేచింది. అంత చేసి బిగించాక తెలిసింది, అవి కార్లలో పెట్టే నాలుగు ఓముల, అంటే తక్కువ నిరోధపు, వూఫర్లని. ఎనిమిది ఓములకు తయారైన నా పాత యాంప్లిఫైయర్ రెండు వారాలు చెయ్యి కాలేలా వేడెక్కి, చివరకు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లను పోగొట్టుకుంది. దుకాణానికి వెళ్లి అడిగితే, "సౌండ్ వచ్చింది కదా" అన్నారు.

ఓమ్‌మీటర్:
అంగుళాలు చూసి వూఫర్ కొనడం చెప్పుల నంబరు చూసి చొక్కా కొనడం వంటిది. నేను ముప్పై ఏళ్లుగా పెట్టెలు కడుతున్నాను, కనుక కాస్త ఓపికగా చదవండి. ఒక వూఫర్ ఏ పెట్టెలో ఎలా పలుకుతుందో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో రాశాడు, 1970ల తొలి ఏళ్లలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. కావలసినవి మూడే అంకెలు: వూఫర్ సహజంగా ఊగే పౌనఃపున్యం ఎఫ్ఎస్, ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే క్యూటీఎస్, దాని కోన్ (ముందుకూ వెనక్కూ ఊగే గరాటు) బిగువుకు సమానమైన గాలి పరిమాణం వీఏఎస్. తార్నాక వారి పెట్టె లోపల సుమారు 30 లీటర్లు ఉంది. క్యూటీఎస్ 0.7, వీఏఎస్ 60 లీటర్లు ఉన్న వూఫర్‌ను దానిలో బిగిస్తే, 60ని 30తో భాగించి ఒకటి కలిపి వర్గమూలం తీసి 0.7తో గుణించండి, 1.2 వస్తుంది, పెట్టెలో బిగించాక వచ్చే ఈ అంకెను క్యూటీసీ అంటారు. మూసిన పెట్టెకు 0.7 దగ్గర ఉంటే సమంగా పలుకుతుంది. 1.2 అంటే ప్రతి పాటలోనూ ఒకే స్వరం మీద గుమ్ గుమ్ మంటుంది, అది విని జనం "ఏం బాస్ అండీ" అని మెచ్చుకుంటారు.

పాత రేడియో మామ:
లెక్కలు మంచివే గాని, పాత వూఫర్లను చంపకుండా బతికించే దారి ఉన్నప్పుడు ముందు అది చూడాలి. నేను ఇప్పటికి నాలుగు జతలకు ఫోమ్ వేశాను. ఆ ఫోమ్ పాలియురథేన్. గాలిలోని తేమే దాన్ని విరగ్గొడుతుంది గనుక, అటక మీద వాడకుండా ఉంచినా రాలిపోతుంది. కోన్ అంచునా చట్రం మీదా మిగిలిన పాత జిగురంతా ఓపికగా తుడవాలి, ఇందులో తొందరపడినవాళ్లకే కోన్ చిరుగుతుంది. కొత్త చుట్టు అతికేటప్పుడు కోన్ వెనుక ఉండే తీగచుట్ట, వాయిస్ కాయిల్, సరిగ్గా మధ్యలో ఉండాలి, లేకపోతే గరగర మంటుంది. నేను కోన్ మధ్యనుండే గుండ్రటి మూత, డస్ట్ క్యాప్, తీసి కాయిల్ చుట్టూ సన్నటి కాగితపు ముక్కలు దూర్చి, జిగురు ఆరాక తీస్తాను. పని అయ్యాక టార్చిలైటు బ్యాటరీ ఒకటి క్షణం తగిలించి చూడండి, ఎరుపు గుర్తుకు ప్లస్ తగిలితే కోన్ బయటికి రావాలి.

కోఠి కుర్రాడు:
ఓమ్‌మీటర్ గారూ, ఆ మూడు అంకెలూ ఏ దుకాణంలో చెబుతారు? నేను అడిగితే, "ఇది ఐదు వందల వాట్ల పీసు సార్" అన్నారు. రెండు వేళ్లతో పట్టుకునేంత చిన్న అయస్కాంతం ఉంది దానికి.

ఓమ్‌మీటర్:
చెప్పకపోతే కొలుచుకోవాలి. ల్యాప్‌టాప్, ఒక రెసిస్టరు, ఉచితంగా దొరికే కొలత సాఫ్ట్‌వేర్ చాలు. వీఏఎస్ కోసం కోన్ మీద తెలిసిన బరువు అతికించి, ఎఫ్ఎస్ ఎంత దిగిందో చూడాలి. నేను రూపాయి బిళ్లలు అతికించి ఎన్నో వూఫర్లు కొలిచాను.

సికింద్రాబాద్ సౌండ్:
ఇంత అనుభవం ఉన్నవారు ఇలా రాయడం ఆశ్చర్యంగా ఉంది. ఇప్పటి రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీలుదే గాని అయస్కాంతానికి అంటుకునే రకం. దాన్ని తీసుకెళ్లి డస్ట్ క్యాప్ పక్కన, అంటే అయస్కాంతానికి సరిగ్గా ఎదురుగా అతికిస్తే, అది కోన్‌ను వెనక్కి లాగుతుంది. ఇక మీ వీఏఎస్ వూఫర్‌ది కాదు, నాణేనిది. పిల్లలు బొమ్మలు చేసుకునే మట్టిముద్దను త్రాసులో తూచి అతికించాలని ఈ పని చేసేవారందరికీ తెలుసు.

ఓమ్‌మీటర్:
తొందరపడి తీర్పు చెప్పకండి. నేను వాడేది పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ల. అది కుప్రోనికెల్, 9 గ్రాములు, అయస్కాంతం దాన్ని ముట్టదు. ఇంట్లో త్రాసు లేనివారికి అంతకంటే నమ్మకమైన తూకం లేదు.

సికింద్రాబాద్ సౌండ్:
మీరు రాసింది "రూపాయి బిళ్లలు" అని, పైన అలాగే ఉంది. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్క జవాబులో నాలుగు రూపాయలు పెరిగింది.

ఓమ్‌మీటర్:
వ్యవహారంలో నాణేలన్నిటినీ రూపాయి బిళ్లలనే అంటారు. మీరు సికింద్రాబాద్‌లో వేరే భాష మాట్లాడుతున్నట్టుంది. మీరు కట్టిన పెట్టె ఒక్కటైనా చూపండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఎర్రగడ్డ ఆదివారం:
నాణేల సంగతి పక్కన పెట్టండి. పాత పెట్టెలు కొనాలనుకునేవారికి ఒక మాట. ఎర్రగడ్డ సంతలోనూ, పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్‌లోనూ ఖాళీ స్పీకర్ పెట్టెలు దొరుకుతుంటాయి. పైన నిగనిగలాడే వెనీర్ చూసి మోసపోకుండా వూఫర్ రంధ్రంలో చేయి పెట్టి లోపలి అంచు తడమండి. చెక్కపొట్టుతో చేసిన బోర్డయితే తడికి బిస్కెట్టులా ఉబ్బి ఉంటుంది, మరమేకు దానిలో నిలవదు. ప్లైవుడ్ అయితే బేరమాడండి. నేను అలా తెచ్చిన ఒక జతలో ఎలుకలు లోపల నింపిన గ్లాస్‌ఊల్‌తో గూడు కట్టుకుని ఉన్నాయి, అది వేరే కథ.

సైనిక్‌పురి సాయంత్రం:
కెపాసిటర్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. నా పెట్టెల్లోనూ పాత నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్ రకం కెపాసిటర్ ఉండేది. 4.7 అని రాసి ఉన్నా మీటరు 6 చూపింది. ఎనిమిది ఓముల ట్వీటర్‌కు 4.7 అయితే సుమారు 4,200 హెర్ట్జ్ నుంచి పైకి పంపుతుంది, 6 అయితే 3,300 దగ్గరికి దిగుతుంది. పాపం చిన్న ట్వీటర్ మోయలేని బరువు మోస్తూ వచ్చిందన్నమాట. పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం వేశాను, మొదటి రోజే తాళాల చప్పుడు చెవిలో సూదిలా గుచ్చుకుంది.

పాత రేడియో మామ:
అందుకే నేను పాత రకమే వేయమంటాను. ఆ కాలం ఇంజనీర్లు చెవితో సరిచూసి పెట్టారు.

సికింద్రాబాద్ సౌండ్:
మామగారూ, అది మాయ కాదు. ఎలక్ట్రోలిటిక్ లోపల కొంత నిరోధం ఉంటుంది, ఎండేకొద్దీ అది పెరుగుతుంది. ఫిల్మ్ రకంలో అది దాదాపు లేదు, కనుక ట్వీటర్ కాస్త పెద్దగా పలుకుతుంది. సైనిక్‌పురి వారు అర ఓము నుంచి ఒక ఓము వరకు రెసిస్టరును సీరీస్‌లో పెట్టి చూడండి. కొత్త ట్వీటరే వేసి, అది వూఫర్ కంటే నాలుగు డెసిబెళ్లు ఎక్కువ పలుకుతుంటే, సీరీస్‌లో 3 ఓములు, ట్వీటర్‌కు అడ్డంగా 14 ఓముల దగ్గరిది ఒకటి పెడితే సరిపోతుంది.

ఓమ్‌మీటర్:
ఈ ఒక్క లెక్క సరిగ్గానే ఉంది.

తార్నాక శ్రోత:
అందరికీ ధన్యవాదాలు. ఫోమ్ వేయించే ధైర్యం చాలక, అంకెలు ముద్రించి ఇచ్చే కంపెనీ వూఫర్లు, ఎనిమిది ఓములవి, తెప్పించాను. క్యూటీఎస్ 0.4, ఎఫ్ఎస్ 40. ఉలి జోలికి వెళ్లకుండా, మా వీధి వడ్రంగి చేత 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో రెండు రింగులు కోయించి, వాటి మీద వూఫర్లను బిగించి, రింగులను పాత రంధ్రాలకే మరమేకులతో కలిపాను. వీఏఎస్‌కు నాణెం అతికించలేదు. వూఫర్‌ను పెట్టెలో ఉంచే కొలిస్తే 40 కాస్తా 65కు ఎక్కింది, ఆ నిష్పత్తిని వర్గం చేసి ఒకటి తీసి 30తో గుణిస్తే 49 లీటర్లు వచ్చింది. క్యూటీసీ 0.65. ఒక పెట్టె మాత్రం మంద్రస్వరాల్లో బుస్సుమంది. కోన్‌ను అరచేత్తో మెల్లగా నొక్కి వదిలితే రెండో పెట్టెలో నింపాదిగా తిరిగి వచ్చేది, దీనిలో టక్కున వచ్చేస్తోంది. ఎక్కడో గాలి పోతోందని అగరుబత్తి పట్టుకుని వెతికితే, వెనుక తీగలు తగిలించే ప్లేటు అంచు దగ్గర పొగ ఊగింది. రబ్బరు పట్టీ పెట్టి బిగించాక బుస్సు ఆగింది. కెపాసిటర్ ఇంకా మార్చలేదు. వెనీర్ గురించి మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఎర్రగడ్డ ఆదివారం:
ముందువైపు గ్రిల్‌కు గుడ్డ ఏది వాడుతున్నారు? నాకు బ్లౌజు గుడ్డ తప్ప ఏదీ దొరకలేదు.

పాత రేడియో మామ:
తార్నాక బాబూ, ఉబ్బిన చోట చెక్క గీతల వెంట బ్లేడుతో సన్నగా చీరి, ఇంజెక్షన్ సిరంజితో లోపలికి ఫెవికాల్ ఎక్కించు. పైన మైనపు కాగితం పరిచి, ఒక చెక్కపలక పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రమో ఇటుకలో ఒక రాత్రంతా ఉంచు. ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్ది లక్క పాలిష్ పట్టించు. విప్పిన పాత వూఫర్లను మాత్రం పారేయకు, ఆదివారం వచ్చి తీసుకుంటాను. పాలిష్ సీసా నేనే తెస్తాను.