‘అల్పబుద్ధివాని కధికార మిచ్చిన’: పాఠం ఏది, తప్పు ఎవరిది?

ప్రశ్న (నల్లకుంట నుంచి)

పద్యాలు చదువుకుని చర్చించుకునే మా ఆన్‌లైన్ బృందంలో నిర్వాహకుడి తీరు శ్రుతి మించింది. ఎవరు ఏది రాసినా ‘అంశానికి సంబంధం లేదు’ అని తీసేస్తున్నారు. ఈ మధ్య ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, మా అందరికీ గురుతుల్యులు, ఒక పద్యంలో యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నియత స్థానంలోని అక్షరానికీ ఉండాల్సిన పొంతన) తప్పిందని ఎంతో మర్యాదగా రాశారు. ఆ సందేశం మాయమైంది. ఎందుకు తీశారని అడిగితే ఆయననే బృందం నుంచి తీసేశారు. కోపం పట్టలేక నేను వేమన పద్యం పంపాను:

అల్పబుద్ధివాని కధికార మిచ్చిన
దొడ్డవారినెల్ల దొలగగొట్టు
చెప్పు దినెడి కుక్క చెరకు తీపెరుగునా
విశ్వదాభిరామ వినుర వేమ

ఒక మిత్రుడు నన్ను తప్పుపట్టారు. మొదటి మాట ‘అల్పజాతివాని’ అని, కులం పేరుతో తిట్టే పద్యం పంపడమేమిటని ఆయన బాధ. ఏ పాఠం, అంటే మొదటి మాటకు ఏ రూపం, తీసుకోవాలి? అసలు ఈ సందర్భానికి ఈ పద్యం తగినదేనా?

సమాధానం (తార్నాక నుంచి)

రెండు పాఠాలూ ప్రచారంలో ఉన్నాయండీ. ఛందస్సు వీటి మధ్య తీర్పు చెప్పదు. ఈ పద్యం ఆటవెలది. అందులో బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే గురు లఘువుల గుంపు). ‘బుద్ధి’ అన్నా ‘జాతి’ అన్నా ఒక గురువు, ఒక లఘువు. యతి ‘అల్ప’లోని అకారానికీ, సంధిలో కలిసిన ‘అధికార’లోని అకారానికీ కుదిరింది కాబట్టి మధ్య మాట మారినా పద్యం చెక్కుచెదరదు. వేమన పద్యాలు నోటి మీదుగా నడిచివచ్చినవి. వాటిని సేకరించిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించినవి 693 పద్యాలైతే, 1839 నాటికి అవి 1164 అయ్యాయి. అంత విస్తారంగా జనం నోట నానిన కవిత్వంలో ఒక మాట స్థానంలో మరో మాట రావడంలో వింత లేదు.

కనుక నిర్ణయం అర్థాన్ని బట్టే చేయాలి. ‘ఉర్వివారికెల్ల నొక్క కంచము బెట్టి’ అని మరో పద్యంలో లోకులందరినీ ఒకే కంచం దగ్గర కూర్చోబెట్టమన్న వేమన నోటికి ‘బుద్ధి’ అనే పాఠమే అతుకుతుందని నా గట్టి నమ్మకం. పుట్టుకను నిందించే పాఠాన్ని ఈ రోజున ఎవరి మీదా ప్రయోగించకూడదు. మీ మిత్రుడి బాధ న్యాయమైనదే.

అయితే నా దృష్టి ఎప్పుడూ మొదటి పాదం చివరి మాట దగ్గర ఆగుతుంది: ‘ఇచ్చిన’. ఇక్కడ దానికి ‘ఇస్తే’ అని అర్థం. అధికారం వాడు లాక్కున్నాడని కవి అనలేదు, ఎవరో ఇచ్చారు. సుమతి శతకంలోనూ ఇంతే. ‘కనకపు సింహాసనమున శునకముఁ గూర్చుండబెట్టి’ అంటాడు. కూర్చోబెట్టిన చేతులు వేరే ఉన్నాయి, పైగా శుభలగ్నం చూసి మరీ పట్టం కట్టారు! మన బృందాల్లో జరిగేది అచ్చంగా ఇదే. ప్లాట్ల ప్రకటనలు, పండగ శుభాకాంక్షలు వచ్చిపడుతుంటే విసుగెత్తి, తీరిక ఉన్న ఒకరికి తాళంచెవి ఇచ్చేస్తాం. ఆ తర్వాత ఆయన ఏమి తీసేస్తున్నారో, ఎందుకు తీసేస్తున్నారో అడగం. మన సందేశం పోయిన రోజున మాత్రమే కోపం వస్తుంది.

ఇక అసలు నష్టం రెండో పాదంలో ఉంది. కొందరు దాన్ని ‘తరిమికొట్టు’ అని చదువుతారు. అది కుదరదు, ‘దొ’కు ‘త’ యతి చెల్లదు. ‘దొలగగొట్టు’ అనే ఉండాలి. తొలగడమంటే పక్కకు జరిగిపోవడం. దొడ్డవారు గొడవకు దిగరు. ఒకసారి అవమానం జరిగితే మళ్లీ ఆ గడప తొక్కరు. మీ ఉపాధ్యాయుడి తర్వాత ఇంకెందరు మాట్లాడటం మానేశారో గమనించారా?

మరొకరు (కూకట్‌పల్లి నుంచి)

దీనికింత చర్చ దేనికండీ? ‘మిడిమేలపు దొరను కొల్చి మిడుకుట కంటెన్’ మడి దున్నుకు బ్రతకడం మేలని సుమతి శతకమే చెప్పింది. బయటికి వచ్చి కొత్త బృందం పెట్టుకోండి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనిచోట ఎందుకు పడిగాపులు?

సమాధానం (తార్నాక నుంచి)

ఆ పద్యం జీతం ఇవ్వని దొర గురించి. అక్కడ పోయేది ఒక కొలువు. ఇక్కడ పోయేది నలుగురూ కలిసి కూడబెట్టిన చర్చ. ఆ ఉపాధ్యాయుడు రాసిన వివరణలన్నీ ఆ బృందంలోనే ఉండిపోయాయి, ఇక వాటికి జవాబు రాసే వీలు ఆయనకు లేదు. మనం బయటికి వస్తే రెండో పాదాన్ని మన చేతులతో మనమే పూర్తి చేసినట్లు.

నిర్వహణే వద్దని నేననను. అదుపు లేని చోట చర్చ రెండు రోజులు కూడా నిలవదు. కానీ తీసేసిన ప్రతిదానికీ కారణం అందరికీ కనిపించేలా రాయాలి. మనిషిని తీసేయాలంటే ఒక్కరి నిర్ణయం చాలదు, కనీసం ముగ్గురు ఒప్పుకోవాలి. నిర్వాహకుడిని విమర్శించిన సందేశాన్ని ఆ నిర్వాహకుడే తొలగించకూడదు. ఈ మూడింటిలో ఏదీ కష్టమైనది కాదు.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలండీ. పద్యాన్ని వెనక్కి తీసుకున్నాను. ‘బుద్ధి’ పాఠమే అయినా, ఒక మనిషిని కుక్కతో పోల్చాక ఆయన ఇక ఏ మాటా వినరు. దాని బదులు మీరు చెప్పిన మూడు నియమాలను నా పేరుతో రాసి సభ్యులందరికీ విడివిడిగా పంపాను. ఆ నిర్వాహకుడిని ప్రతిపాదించిన ఇద్దరికి ముందుగా పంపాను. రేపు ఆదివారం సమావేశంలో దీన్ని మొదటి అంశంగా పెట్టమని అడిగాను, ఉపాధ్యాయుడిని కూడా పిలిచాను. వస్తానన్నారు.