స్టార్ ఫిష్‌కి చెయ్యి మళ్లీ మొలుస్తుంది, మనకెందుకు మొలవదు?

అలలఒడి: ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. స్టార్ ఫిష్‌కి తెగిన చెయ్యి తిరిగి వస్తుంది, సముద్ర దోసకాయ అయితే పేగులు బయటికి కక్కేసి కొన్ని వారాల్లో కొత్తవి పెంచుకుంటుంది. మనకి వేలు తెగితే అంతే సంగతులు. ఈ శక్తి జంతువులన్నిటికీ మొదట్లో ఉండి కొన్ని పోగొట్టుకున్నాయా, లేక ఎవరికి వాళ్లు తర్వాత సంపాదించుకున్నారా? దీనిమీద పనిచేయాలంటే ఏ జీవితో మొదలుపెట్టాలి?

పగడపుదిబ్బ: హాఫ్‌స్టీనియా గురించి చదవండి. బెర్ముడా తీరంలో దొరికే చిన్న పురుగు, ముక్కలు చేస్తే ఏ ముక్కకి ఆ ముక్క తలా తోకా పెంచుకుని పూర్తి పురుగైపోతుంది. హార్వర్డ్‌లో మాన్సీ శ్రీవాస్తవ బృందం దీని జీనోమ్‌ని, అంటే మొత్తం డీఎన్‌ఏ క్రమాన్ని, 2019లో ప్రచురించింది. గాయమవగానే ఈజీఆర్ అనే జీన్ లేచి మిగతా జీన్లను ఆన్ చేస్తుందని, దాన్ని అణిచేస్తే తెగిన భాగం మళ్లీ పెరగడం మొదలే కాదని అందులో చూపించారు. ఈ జీన్ మనలోనూ ఉంది, గాయమైతే మన కణాల్లోనూ ఆన్ అవుతుంది! మరి ఆ తర్వాత ఏ డీఎన్‌ఏ భాగాలు తెరుచుకుంటున్నాయి, ఏవి మూసుకునే ఉంటున్నాయి అన్నదే ఇప్పుడు వెతకాల్సింది. పైగా ఇది ల్యాబ్‌లోనే గుడ్లు పెడుతుంది కాబట్టి పిండం నుంచి అన్ని దశలూ చూడొచ్చు.

ఉప్పుగాలి: పురుగు మంచిదే, కానీ ఒక జీన్ ఇద్దరిలో ఉన్నంత మాత్రాన శక్తి వారసత్వంగా వచ్చిందని చెప్పలేం, ఈజీఆర్ రకరకాల ఒత్తిళ్లకి స్పందిస్తుంది. దగ్గరి చుట్టాల్ని పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది. రిబ్బన్ పురుగుల్లో (ఎక్కువగా సముద్రంలో ఉండే సన్నటి పొడుగాటి పురుగులు) 35 జాతుల సమాచారం కలిపి 2019లోనే ఒక పేపర్ వచ్చింది, తల మళ్లీ పెంచుకోగలిగినవి కొన్నే, ఆ శక్తి కనీసం నాలుగు సార్లు విడివిడిగా పుట్టిందని తేల్చారు. అదే కోంబ్ జెల్లీలు (జెల్లీఫిష్‌లా కనిపించే సముద్ర జీవులు) తీసుకోండి, నెమియాప్సిస్ రోజుల్లో బాగైపోతుంది, దాని చుట్టం బెరోయీకి అది చేతకాదు, అక్కడ పోగొట్టుకున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి మీ ప్రశ్నకి జంతువులన్నిటికీ కలిపి ఒక్క జవాబు ఉండదు, ఏ వంశం గురించి అడుగుతున్నారో ముందు తేల్చుకోండి.

రేవుపడవ: ఒక మాట, ప్రయోగం కోసమని బీచ్‌లో సముద్ర దోసకాయల్ని ఏరుకోకండి. మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద అవి రక్షిత జీవులు, అనుమతి లేకుండా పడితే కేసవుతుంది. మీ గైడ్‌తో ముందే మాట్లాడండి.

అలలఒడి: అందరికీ థాంక్స్. రిబ్బన్ పురుగుల పేపర్ మొదలుపెట్టాను. తల మళ్లీ పెంచుకునే శక్తిని విడిగా సంపాదించుకున్న ఆ నాలుగు వంశాల్లోనూ గాయం తర్వాత ముందు లేచేది ఈజీఆరేనా? ఎవరైనా చూసుంటే చెప్పండి, నా డిసర్టేషన్‌కి అదే ప్రశ్న పెట్టుకోవాలనుంది.